ఏడున్నర వేల గుమ్మడికాయ

హెప్సిబా జీతం ఐదో తారీఖున వచ్చేది, పద్దెనిమిదో తారీఖుకల్లా కనిపించకుండా పోయేది. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు ఆమె. ఏ మందు ఎన్ని చుక్కలు ఎక్కించాలో నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగల పిల్ల, తన పదిహేను వేల ఐదు వందలు ఏ మోతాదులో కరిగిపోతున్నాయో మాత్రం చెప్పలేకపోయేది. ఫోను తీసి స్కాన్ చేయడం, టింగుమని మోగడం, అంతే. నోట్లు లెక్కపెట్టి ఇవ్వాల్సి వస్తే చెయ్యి కాస్త వెనకాడేదేమో. ఆ టింగుమనే చప్పుడుకు మొహమాటం లేదు.

దుబారా మనిషి అనుకునేరు, కాదు. తిండి దగ్గరా బట్టల దగ్గరా పెద్ద కోరికలున్న పిల్లా కాదు. డ్యూటీ దిగేసరికి వంట చేసే ఓపిక లేక ఒక పార్శిల్. తోటి నర్సు పుట్టినరోజుకు తలా మూడు వందలు. పాతది బాగానే పనిచేస్తుండగా వాయిదాల మీద కొన్న కొత్త ఫోను. విడివిడిగా చూస్తే ఒక్కటీ తప్పు కాదు. ఇరవై మూడేళ్ల వయసులో, మొదటి జీతం చేతికొచ్చిన ఆడపిల్ల ఆ మాత్రం ఖర్చు పెట్టుకోకూడదా అంటే, నేనైతే పెట్టుకోమనే అంటాను. కాకపోతే ఆమెకు ఇంకొక కోరిక కూడా ఉంది. అసలు చిక్కంతా దానితోనే.

ఆమె చదివింది మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా. ఇంకో రెండేళ్లు చదివితే బీఎస్సీ అవుతుంది. బీఎస్సీ ఉంటే వార్డు ఇన్‌ఛార్జి కావచ్చు, పెద్ద ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. పగలు కాలేజీ, రాత్రి డ్యూటీ చేసుకోమని ఆసుపత్రి వాళ్లు ఒప్పుకున్నారు కూడా. వచ్చే ఏడు డిసెంబర్ ఇరవైలోపు మొదటి వాయిదా నలభై రెండు వేలు కట్టాలి. కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. ఆ మాట అనుకున్న నాటికి ఆమె ఖాతాలో ఉన్నది రెండు వందల పదహారు రూపాయలు.

మంకమ్మతోటలో ఆమెతో పాటు ఒకే గదిలో ఉండేది భూమిక. నస్పూర్ పిల్ల, అదే ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. వాళ్ల నాన్న రాజలింగు బొగ్గుబాయిలో కార్మికుడు. భూమికకు నోరు పెద్దది, మనసు మంచిది, పర్సు చాలా చిన్నది. ఒక పద్దెనిమిదో తారీఖున హెప్సిబా మళ్లీ ఐదు వందలు అడిగేసరికి ఆమెకు తిక్క రేగింది.

"ఇస్త. కని ముందుగాల ఒక మాట జెప్పు. నెలనెలా చర్చి పైసలు ఎట్ల తీస్తవే నువ్వు?"

"జీతం పడంగనే తీస్త. పదో వంతు. కవర్ల పెట్టి పక్కకు పెడుత."

"నా దగ్గర అడుక్కున్న నెల గూడ తీసినవా?"

"తీసిన. గవి నావి కావు గద భూమీ, దేవునియి."

"మరి గట్లనే నీయి గూడ ముందుగాలనే తియ్యి. నెలాఖరుకు మిగిల్తె దాసుకుంట అంటవు. మిగిలినయి ఎవ్వలు సూసిండ్రే?"

హెప్సిబా చిన్నప్పటి నుంచీ వాళ్లింట్లో చూస్తున్నదే అది. ఆమె అవ్వా అని పిలిచే అమ్మ ఆనందమ్మ, కూలి డబ్బు చేతిలో పడగానే ముందు కానుక కవరు తీసేది. చర్చి సంఘం వాళ్లు ఏడాదికి సరిపడా ఇచ్చే చిన్న తెల్ల కవర్లవి, మీద నెల పేరు ఉంటుంది. పప్పుకు లేని నెల ఉందేమోగాని ఆ కవరు ఖాళీగా వెళ్లిన నెల లేదు. ముందే తీసిన డబ్బుకు ఎప్పుడూ కరువు రాలేదు, మిగిలితే చూద్దామనుకున్న డబ్బు ఎప్పుడూ మిగల్లేదు. ఇన్నేళ్లు కళ్లముందే ఉన్న సంగతిని ఒక బొగ్గుబాయి కార్మికుడి కూతురు వచ్చి చూపించాల్సి వచ్చింది.

ఆ ఆదివారం ఇద్దరూ కూర్చుని లెక్క వేశారు. అద్దె, తిండి కలిపి ఐదు వేలు. చర్చికి పదిహేను వందల యాభై. ఇంటికి మూడు వేలు. ఫీజుకు మూడు వేలు. ఇక ఫోను వాయిదా, బస్సు చార్జీలు, బట్టలు, పుట్టినరోజులు, పార్శిళ్లు అన్నీ మిగిలిన రెండు వేల తొమ్మిది వందల యాభైలోనే సర్దుకోవాలి. నవంబర్‌లో మొదలుపెడితే మళ్లీ డిసెంబర్‌కు పద్నాలుగు నెలలు. పద్నాలుగు మూళ్లు నలభై రెండు. ఒక్క నెల తప్పినా కుదరదు.

ఆ మూడు వేలు ఎక్కడ దాచాలో కూడా భూమికే చెప్పింది. "పోస్టాఫీసుల ఖాతా తియ్యి. కార్డు తీసుకోకు. ఫోన్‌కు కలపకు. పైసలు గావాల్నంటే లీవు పెట్టి లైన్ల నిలవడాలె, గప్పుడు బుద్ధొస్తది."

"కార్డు మీద నీకేం పగనే?"

భూమిక చేతిలోని పెన్ను పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. అక్క పెళ్లప్పుడు రాజలింగు ఒక వడ్డీ వ్యాపారి దగ్గర యాభై వేలు తీసుకున్నాడు. కుదువకు బంగారం లేదు, భూమి లేదు. బ్యాంకు కార్డు పెట్టాడు, దాని రహస్య నంబరుతో సహా. జీతం పడ్డ రోజు ఆ వ్యాపారి రబ్బరు బ్యాండు వేసిన కార్డుల కట్ట పట్టుకుని మిషన్ దగ్గరికి పోయేవాడు, తన వంతు తీసుకుని మిగిలింది పంచేవాడు.

"ఆరేండ్లు. నెలంత బాయిల దిగినోడు, జీతం రోజు ఇంకొకని ఇంటి ముందట చేతులు కట్టుకొని నిలవడేటోడు మా బాపు. మా అవ్వ ఇంట్ల ఏమన్న అడిగిందా అంటే అడుగలే. ఈయన చెప్పిండా అంటే చెప్పలే. ఎంత కట్టిండ్రో, ఎంత ఉన్నదో ఇద్దరికీ ఎర్కలే."

హెప్సిబా జాలిపడింది. తమ ఇంట్లో మాత్రం అలాంటిదేమీ లేదని మనసులో అనుకుంది కూడా. నిజానికి తమ ఇంట్లోనూ డబ్బు గురించి ఎవరూ మాట్లాడుకోరన్న సంగతి ఆమెకు అప్పుడు తట్టలేదు.

వాళ్లది హుజూరాబాద్ పక్క పల్లె. నాన్న తోమాసు మార్కెట్ యార్డులో హమాలీ. వడ్ల బస్తాలు మోసి మోసి కుడి భుజం కాస్త కిందికి దిగిపోయింది, మాటలు కూడా ఎక్కువ లేవు. హెప్సిబా నెలకోసారి ఇంటికి వెళ్లి, తల్లి చేతిలో మూడు వేలు పెడుతుంది. ఆమె కొంగున కట్టుకుంటుంది. ఎందుకు ఖర్చయ్యాయని కూతురు అడగదు, ఎంత సంపాదిస్తున్నావని తండ్రి అడగడు. అడగడం మర్యాద కాదనుకునే ఇల్లు. పై చదువు సంగతి ఒక్కసారి ఫోన్లో తల్లితో అంది. "పైసలు ఎంతైతయో బిడ్డ" అని ఆనందమ్మ భయపడితే, "ఫికర్ జెయ్యకవ్వా, నేను సూసుకుంట" అంది. ఆ ముచ్చట అక్కడితో ముగిసింది.

నెలలు గడిచాయి. హెప్సిబా పోస్టాఫీసు పుస్తకంలో మూడు వేల ముద్రలు ఒకదాని కింద ఒకటి పడుతూ వచ్చాయి. బీరువాలో దాచిన ఆ పుస్తకాన్ని తీసి చూసుకోవడం ఆమెకు ఒక ముచ్చటగా మారింది. పార్శిళ్లు తగ్గాయి. భూమికతో కలిసి పొద్దున్నే అన్నం వండి డబ్బాలు కట్టుకోవడం అలవాటైంది. పదమూడో ముద్ర పడేసరికి ముప్పై తొమ్మిది వేలు. ఇంకొక్క జీతం, ఇంకొక్క ముద్ర.

సరిగ్గా అప్పుడొచ్చింది కోత పండుగ.

వాళ్ల మెథడిస్టు సంఘంలో కోత పండుగ అంటే క్రిస్మస్‌కు తక్కువేం కాదు. ఎవరి చేలో పండింది వాళ్లు తెస్తారు. వడ్లు, మొక్కజొన్న, కోళ్లు, గుడ్లు, కాకరకాయలు అన్నీ బలిపీఠం ముందు పేరుస్తారు. ఆరాధన అయ్యాక వాటికి వేలం. వచ్చిన డబ్బు సంఘానికి. వేలంలో వస్తువు ధరకూ బజారు ధరకూ చుట్టరికం ఉండదు. పేరున్నవాళ్ల కోడి పదివేలు పలుకుతుంది, పేరులేని వాళ్ల కోడి మూడు వందలకు పోతుంది. గట్టిగా అరిచి పాడేవాళ్లు పాడతారు. బయటపడటం ఇష్టంలేని వాళ్లు సంఘం పనులు చూసే స్టివార్డు చెవిలో చెబుతారు. ఆడవాళ్ల వైపు లిడియక్క, మగవాళ్ల వైపూ బయట పందిరి దగ్గరా జాన్సన్. గెలిచినవాళ్ల పేరు మైకులో వినబడుతుంది. ఓడినవాళ్ల పేరు ఎవరికీ తెలియదు.

ఆనందమ్మ ఏటా ఒక గుమ్మడికాయ తెస్తుంది. ఇంటి వెనక దడి మీదికి పాకించిన తీగ కాయ. ఏటా అది వేలం చివర్లో, జనం భోజనాలకు లేచే వేళకు వస్తుంది. యాభై, అరవై పలుకుతుంది. ఒక ఏడాది ఎవరూ పాడకపోతే పాస్టరు అయ్యగారే ఇరవై రూపాయలు వేసి తీసుకున్నారు. అప్పుడు హెప్సిబా ఏడో తరగతి. వెనకాల ఎవరో నవ్వారు. అమ్మ తల దించుకుని చాప మీద పోచ ఒకటి పీకుతూ కూర్చోవడం ఆమె మరిచిపోలేదు.

ఈసారి ఆమె ముందే నిశ్చయించుకుంది. అవ్వ కాయ ఐదు వందలు పలకాలి. తను పాడినట్టు అవ్వకు ముందే తెలియకూడదు. ఐదు వందలు తన ఖర్చుల డబ్బులోనే ఉన్నాయి కూడా. లెక్క చక్కగానే ఉంది.

"ఆనందమ్మ గారి గుమ్మడికాయ. యాభై రూపాయలు" అన్నారు అయ్యగారు మైకులో.

హెప్సిబా లిడియక్క చెవిలో వంద అంది. లిడియక్క చెయ్యెత్తింది. వెంటనే తలుపు దగ్గర జాన్సన్ చెయ్యెత్తాడు. "బయటి నుంచి రెండు వందలు!"

మూడు వందలు. ఐదు వందలు. వెయ్యి. లేవబోయిన జనం మళ్లీ కూర్చున్నారు. బయటెవరో పెద్దమనిషి ఉన్నాడు, కరీంనగర్ నుంచి కార్లో వచ్చిన గ్రానైటు కంట్రాక్టరే అయ్యుంటాడనుకుంది హెప్సిబా. రెండు వేలు దాటాయి. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. ఆనందమ్మ నోరు తెరుచుకుని అటూ ఇటూ చూస్తోంది.

నిజం చెప్పాలంటే రెండు వేల దగ్గరే హెప్సిబా కోరిక నాలుగింతలు తీరిపోయింది. కాయ ఎవరు తీసుకుంటేనేం, అవ్వ పేరు మైకులో మోగుతోంది కదా. అక్కడ ఆగొచ్చు. పదమూడు నెలలు పార్శిల్ దగ్గర, గాజుల దగ్గర, చెప్పుల దగ్గర ఆగడం నేర్చుకున్న పిల్ల ఆమె. కానీ అవ్వ కోసం పెట్టే ఖర్చును ఆమె ఎన్నడూ ఖర్చుల్లో లెక్కేసుకోలేదు. ప్రేమకు కవరు కట్టలేదు. అందుకే దానికి హద్దూ లేదు.

"బయటి నుంచి ఏడు వేలు!"

"ఏడున్నర" అంది హెప్సిబా.

జాన్సన్ బయటికి వంగి చూశాడు, లోపలికి తిరిగి తల అడ్డంగా ఊపాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి.

"స్టాఫ్ నర్సు హెప్సిబా, మన తోమాసు గారి బిడ్డ!"

చప్పట్లతో చర్చి దద్దరిల్లింది. ఆనందమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉండటం కూతురికి తెలిసింది, ఎందుకో తెలియలేదు. గుమ్మడికాయ ఎత్తుకుని బయటికి వస్తే, పందిరి కింద తోమాసు పప్పు గుండిగ దగ్గర గరిటె కడుగుతున్నాడు. "మంచిగ పాడినవ్ బిడ్డ" అన్నాడు, మొహం ఎత్తకుండా.

మర్నాడు ఆనందమ్మ ఆ కాయను కోసింది. సగం వాడకట్టుకు పంచింది, ఒక ముక్క కూతురి సంచిలో పెట్టింది. గింజలు కడిగి గోడ మీద ఆరబెట్టింది. ఎవరూ డబ్బు మాట ఎత్తలేదు.

కరీంనగర్‌లో భూమిక ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏడున్నర వేల కూర. ఉప్పెక్కువైతే గుండె ఆగి సస్త" అంది. తర్వాత నవ్వలేదు. వేలం డబ్బు మాటిచ్చిన డబ్బు, ఆలస్యం చేయడం హెప్సిబాకు ఇష్టం లేదు. లీవు పెట్టి, లైన్లో నిలబడి, ఏడున్నర వేలు తీసి సంఘానికి కట్టేసింది. ఖాతాలో మిగిలింది ముప్పై ఒకటిన్నర వేలు. డిసెంబర్ మూడు వేలు కలిపినా ఇంకా ఏడున్నర తక్కువ.

ఫోను ఆమె బాధను పసిగట్టినట్టే ఉంది. ఐదు నిమిషాల్లో పదివేలు, కాగితాలు అక్కర్లేదు అని ప్రకటన మీద ప్రకటన. ఒక మధ్యాహ్నం ఆమె బొటనవేలు ఆ బొమ్మ మీదికి వెళ్లి ఆగింది. కార్డుల కట్ట, దానికున్న రబ్బరు బ్యాండు గుర్తొచ్చాయి. ఫోను బోర్లా పెట్టేసింది.

"ఇంటికి పో" అంది భూమిక. "పోయి చెప్పు. సీటు పోతే పోయిందని గూడ చెప్పు. మా ఇంట్ల ఎవ్వలు చెప్పకనే ఆరేండ్లు పాయె."

డిసెంబర్ రెండో శనివారం హెప్సిబా ఇంటికి వెళ్లింది. తోమాసు యార్డు నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆమె తలుపు దగ్గరే నిలబడి, ఊపిరి తిప్పుకోకుండా మొత్తం చెప్పేసింది. జీతం ఎంతో చెప్పింది, ఎటెటు పోతుందో చెప్పింది, ఫీజు ఎంతో, ఎన్ని నెలలు కూడబెట్టిందో చెప్పింది. "గుమ్మడికాయకు పెట్టినయి గా ఫీజు పైసలే. గిప్పుడు ఏడున్నర తక్కువున్నయి. ఈ యేడు చదువు కాదవ్వా" అనేసరికి ఏడుపు ఆగలేదు.

ఆనందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తోమాసు లోపలికి వెళ్లి, బైబిలు పక్కన బట్ట చుట్టి పెట్టిన మూటొకటి తెచ్చి కూతురి ముందు పెట్టాడు. విప్పితే కానుక కవర్లు. నెల పేర్లున్నవి, వాడేసినవి, అంచులు మడతపెట్టి మళ్లీ అతికించినవి. ఏడు. ఒక్కోదానిలో వెయ్యి రూపాయలు, పదులూ యాభైలూ నూర్లూ కలిపి.

"నీ ఫీజుకే జమ జేసిన. మీ అవ్వ చెప్పిన కాడికెల్లి" అన్నాడు.

హెప్సిబా వాటిని లెక్కపెట్టింది. ఏడు వేలు. మళ్లీ లెక్కపెట్టింది. ఏడు వేలు. తల ఎత్తి తండ్రిని చూసింది. తలుపు దగ్గర జాన్సన్ బయటికి వంగి చూడటం, తల అడ్డంగా ఊపడం ఆమె కళ్లముందుకొచ్చాయి.

"బాపు, గా దినం బయటికెల్లి పాడింది..."

"నేనే. మీ అవ్వ కాయను జూసి ఎవ్వలు నవ్వొద్దనుకున్న. యాభైకి పోతదేమో అనుకున్న. లోపటికెల్లి ఎవ్వలో పాడుతనే ఉండిరి, నాకు గూడ పట్టుదల వచ్చె. ఏడు వేలే ఉండె నా దగ్గర. గందుకే ఆగిన." అతడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నీ ఫీజు పైసలు పెట్టి పాడిన్నని నీకెట్ల జెప్పుదు బిడ్డ? నువ్వే పాడుతున్నవని నాకేమెర్క?"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. హెప్సిబా ఏడుస్తూనే నవ్వింది, తోమాసు నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఆనందమ్మ మాత్రం నవ్వలేదు. ఆమెకు కోపం వచ్చింది, ఆ ఇంట్లో అరుదుగా వినబడే కోపం.

"ఇద్దరికిద్దరు నా కొరకే జేసిండ్రు. నన్ను ఒక్కలన్న అడిగిండ్రా? నా కాయ యాభైకి పోతే నాకేంది, ఇరవైకి పోతే నాకేంది? నేను దేవునికి ఇచ్చిన. నేను అమ్మిన్నా?"

ఇద్దరూ తలలు దించుకున్నారు. ఏడో తరగతి నుంచి తను మోస్తున్న అవమానం అసలు అవ్వది కానే కాదేమో అని హెప్సిబాకు మొదటిసారి అనిపించింది. ఆ రోజు అవ్వ చాప పోచ పీకుతూ ఏమనుకుందో తను ఎన్నడూ అడగలేదు.

ఆ సాయంత్రం వాళ్లింట్లో ముగ్గురూ డబ్బు గురించి మాట్లాడుకున్నారు. తోమాసు కూలి ఎంతో హెప్సిబాకు అప్పుడే తెలిసింది. తను ఇచ్చే మూడు వేలల్లో తల్లి నెలకు ఎనిమిది వందలు తండ్రి భుజం మందులకు పెడుతోందనీ అప్పుడే తెలిసింది. నర్సు ఇంట్లో నర్సుకు తెలియని మందులు. ఆపద కోసం వేరే కవరు ఒకటి ఉండాలని, అందులో ముగ్గురూ నెలకు రెండేసి వందలు వేయాలని అనుకున్నారు. తక్కువ పడ్డ ఐదు వందలు హెప్సిబా తన ఖర్చుల డబ్బులోంచి కలిపింది. పంతొమ్మిదో తారీఖున ఫీజు కట్టింది. ఆ నెలంతా భూమిక ఆమెను పార్శిల్ పేరు కూడా ఎత్తనివ్వలేదు.

మళ్లీ ఏడాది కోత పండుగకు ఆనందమ్మ తెచ్చింది ఆ గింజల కాయే. బయలుదేరే ముందు ఇంట్లో ముగ్గురూ కూర్చుని ఒక మాట అనుకున్నారు. మూడు వందలు. పాడేది హెప్సిబా ఒక్కతే. మూడు వందలు దాటితే దండం పెట్టి కూర్చోవాలి.

"ఆనందమ్మ గారి గుమ్మడికాయ!" అన్నారు అయ్యగారు. పోయినేటి సంగతి గుర్తున్న జనం అప్పుడే నవ్వుతూ ఇటు తిరిగారు. వంద, రెండు వందలు, హెప్సిబా మూడు వందలు. ముందు వరసలో కొత్తగా వచ్చిన టీచరమ్మ మూడు వందల యాభై అంది.

లిడియక్క వంగి చెవి దగ్గర పెట్టింది. "ఏమంటవే? నాలుగు వందలననా?"

హెప్సిబా పెదవులు కదిలాయి. తలుపు వైపు చూసింది. పందిరి కింద తోమాసు గరిటె పట్టుకునే నిలబడి ఉన్నాడు. మూడు వేళ్లు ఎత్తి చూపించి, మెల్లగా మడిచి పిడికిలి చేశాడు. తన పక్కన కూర్చున్న ఆనందమ్మ కూతురి చేతిని పట్టుకుంది. ఈసారి ఆ చెయ్యి వెచ్చగా ఉంది.

"లేదక్కా, మాయి అయిపోయినయ్" అంది హెప్సిబా, జనమంతా వినేంత గట్టిగా.

టీచరమ్మ వచ్చి గుమ్మడికాయను రెండు చేతులతో ఎత్తుకుంది. ఆనందమ్మ ఆమె చెంగు పట్టుకుని ఆపి, "పులుసు పెట్టు బిడ్డ, మంచిగుంటది. గింజలు మాత్రం పారెయ్యకు" అని చెప్పింది.